గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లోని ఆ ఎనిమిది స్తంభాల భవనం అసలు ఎవరి ఇల్లు?

క్లైడ్_తీరం
గ్లాస్గోకు వచ్చి నాలుగేళ్లయింది. పోయిన నెల అమ్మానాన్నలు ఒంగోలు నుంచి వచ్చి వెళ్లారు. ఊరు చూపిద్దామని కాలినడకన తిప్పే ఒక పర్యటనలో ముగ్గురి పేర్లూ రాయించాను. క్వీన్ స్ట్రీట్‌లో ఆధునిక కళా ప్రదర్శనశాల ముందు మార్గదర్శి మమ్మల్ని పావుగంట నిలబెట్టి, ఆ పావుగంటా ఎదురుగా ఉన్న గుర్రపు విగ్రహం గురించీ, దాని తల మీద ఉండే రోడ్డు కోను గురించీ మాత్రమే చెప్పాడు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నాన్నగారు విగ్రహానికి వీపు పెట్టి భవనం వైపే చూస్తూ, "ఇది గుడిలా ఉంది కానీ గుడి కాదు. కోర్టూ కాదు. ఎవరు కట్టించారు?" అని అడిగారు. "ఒక పొగాకు వ్యాపారి ఇల్లు" అని ఒక్క ముక్కలో చెప్పి మార్గదర్శి ముందుకు నడిచాడు.

ముప్పై ఏళ్లు పొగాకు వేసి, బ్యారన్ (వేడితో ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గర మంట చూసుకుంటూ రాత్రుళ్లు మేలుకున్న మనిషి ఆయన. ఆ మాట విన్నాక అక్కడి నుంచి కదల్లేదు. పొగాకు అమ్మి ఇంత ఇల్లు కట్టినవాడు ఎవడు, ఆ ఆకు ఏ దేశంలో పండింది, ఒక కుటుంబం ఉండటానికి ఎనిమిది స్తంభాలు ఎందుకు అని వరుసగా అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేకపోవడం బాధనిపించింది. రోజూ ఆ దారినే ఆఫీసుకు వెళతాను. తెలిసినవారు వివరంగా రాస్తే నాన్నగారికి చదివి వినిపిస్తాను.

పడమటి_గాలి
అది ఇల్లు కాదండీ. రాయల్ ఎక్స్ఛేంజ్ అని వర్తకులు సమావేశమయ్యే భవనం. 1829లో డేవిడ్ హామిల్టన్ అనే వాస్తుశిల్పి కట్టాడు. మార్గదర్శి పొరపడ్డాడు.

రాతిపని
పడమటి_గాలి గారు చెప్పింది సగమే నిజం, మార్గదర్శి చెప్పినదీ సగమే నిజం. నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, ఆ భవనం చుట్టూ చాలాసార్లు తిరిగాను. మీకు కనిపిస్తున్నది ఒక కట్టడం కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు కట్టడాలు.

మధ్యలో ఉన్నది ఇల్లు. 1778లో విలియం కనింగ్‌హామ్ అనే పొగాకు వర్తకుడు 10,000 పౌండ్ల ఖర్చుతో కట్టించుకున్నాడు. ఆ కాలంలో ఒక ప్రైవేటు ఇంటికి అది విపరీతమైన మొత్తం. అప్పటికి ఆ వీధి ఊరికి పడమటి అంచున ఉండేది, దాన్ని కౌ లోన్ అనేవారు. ఊళ్లోని పశువులను మేతకు తోలుకుపోయే దారి అది. మన మాటలో చెప్పాలంటే ఆవుల డొంక. ఆ డొంక పక్కన మేడ కట్టాక మరి కొందరు ధనికులు అక్కడికి చేరారు. ఆ డొంకే రాణి పేరున క్వీన్ స్ట్రీట్ అయింది.

1817లో ఆ ఇల్లు రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ చేతికి వచ్చింది. పదేళ్ల తరువాత, 1827లో, వర్తకులు దాన్ని తీసుకుని హామిల్టన్‌కు అప్పగించారు. ఆయన పాత ఇంటిని పడగొట్టకుండా దానికి ముందు ఒక ముఖమండపం, వెనుక ఒక పెద్ద హాలు చేర్చాడు. మీ నాన్నగారు చూసిన ఎనిమిది కొరింథియన్ (తలల మీద ఆకులు చెక్కిన గ్రీకు పద్ధతి) స్తంభాలూ, వాటి మీది త్రిభుజాకారపు ముఖఫలకమూ, పైన గుండ్రంగా లేచిన చిన్న శిఖరమూ కనింగ్‌హామ్ చూసి ఎరుగడు. అవి ఆయన పోయిన మూడు దశాబ్దాల తరువాతవి. కాబట్టి ఒక కుటుంబానికి ఎనిమిది స్తంభాలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇది: ఆ స్తంభాలు కుటుంబానికి కాదు, ఊరి వర్తక సంఘానికి.

పడమటి_గాలి
ఇల్లు లోపల మిగిలే ఉందని నాకు తెలియదు. దాన్ని తీసేసి కట్టారనే అనుకున్నాను. సరిదిద్దినందుకు కృతజ్ఞతలు.

రాతిపని
చాలామంది అలాగే అనుకుంటారు, ఎందుకంటే ముందు నుంచి చూస్తే మండపం ఇంటిని పూర్తిగా మింగేసింది. దాన్ని చూడాలంటే ఎదురుగా నిలబడకూడదు. పక్కకు వచ్చి, ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా నడవాలి. మండపం, ఇల్లు, హాలు అనే వరుస అప్పుడు తెలుస్తుంది. మన పాత దేవాలయాల్లో గర్భగుడి ఒక కాలానిదీ, మండపం మరొక కాలానిదీ అయినప్పుడు ప్రదక్షిణ చేస్తే అతుకులు ఎలా బయటపడతాయో ఇదీ అంతే.

గుంటూరు_ఘాటు
ఆ పొగాకు ఎక్కడిది? స్కాట్లండ్ చలికి ఆకు పండదు కదా.

లెక్కల_పుస్తకం
వర్జీనియా, మేరీలండ్. మనం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా పొగాకు అంటున్నామే, ఆ పేరు అక్కడిదే.

ఆర్థిక చరిత్ర నా చదువు కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను. 1707లో స్కాట్లండ్, ఇంగ్లండ్ పార్లమెంట్లు ఒకటయ్యాక స్కాటిష్ నౌకలకు అమెరికా వలసలతో వ్యాపారం చట్టబద్ధంగా తెరుచుకుంది. లండన్ నుంచి వెళ్లే నౌక కంటే క్లైడ్ నది ముఖం నుంచి వెళ్లే నౌక వర్జీనియా, మేరీలండ్‌ల చెసాపీక్ తీరానికి రెండు మూడు వారాల ముందే చేరేది. అప్పట్లో గ్లాస్గో దగ్గర నదికి లోతు లేదు, పెద్ద నౌకలు కింద ఉన్న పోర్ట్ గ్లాస్గో, గ్రీనాక్ రేవుల్లోనే ఆగేవి. ఆకును హాగ్స్‌హెడ్ అనే పెద్ద చెక్క పీపాల్లో కుక్కి పంపేవారు. ఒక్కో పీపా సుమారు 1,000 పౌండ్ల బరువు ఉండేది. 1771లో స్కాట్లండ్‌కు చేరిన పొగాకు 4 కోట్ల 70 లక్షల పౌండ్ల బరువు. అందులో చాలా భాగం ఇక్కడ కాల్చలేదు, మళ్లీ నౌకలెక్కి ఐరోపాకు, ముఖ్యంగా ఫ్రాన్సుకు పోయింది. అక్కడ పొగాకు ప్రభుత్వ గుత్త వ్యాపారం, టోకున కొనేవారు.

గ్లాస్గో కంపెనీల అసలు బలం నౌకల్లో కంటే దుకాణాల్లో ఉంది. వర్జీనియాలో లోపలి ఊళ్ల దాకా వెళ్లి దుకాణాలు తెరిచి, రైతులకు గుడ్డలు, పనిముట్లు, ఇంటి సామాను అప్పు మీద ఇచ్చి, పంట వచ్చినప్పుడు ఆకు రూపంలో జమ చేసుకునేవారు. ఒకసారి ఖాతా తెరిచినవాడు దాని నుంచి బయటపడటం కష్టం.

గుంటూరు_ఘాటు
ఈ చివరి రెండు వాక్యాలు చదివి ఒళ్లు జలదరించింది. మా తాతగారి కాలంలో ఎరువు అప్పు ఇచ్చి ఆకు మీద హక్కు రాయించుకున్నవారి కథలే మా ఇంట్లో వింటూ పెరిగాను. అంటే అక్కడి రైతూ మనవాడిలాంటివాడే.

మండువా_లోగిలి
ఆ పోలిక అక్కడ ఆగిపోవాలి, గుంటూరు_ఘాటు గారూ. అప్పుల్లో ఉన్న ఆ తోటల యజమానుల్లో చాలామంది తమ కింద మనుషులనే ఆస్తిగా పెట్టుకున్నవారు. నారు పోసింది, మొక్కకు మొక్కా పురుగు ఏరింది, ఆకు విరిచింది, ఆరబెట్టింది, పీపాలో తొక్కింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు, వారి పిల్లలు. 1770ల నాటికి వర్జీనియా జనాభాలో ఐదింట రెండు వంతులు వారే. వారికి ఖాతా లేదు, అప్పూ లేదు, కూలీ లేదు. మీ తాతగారు అప్పుల్లో ఉన్నా తన పొలంలో తాను నిలబడ్డ మనిషి. ఇంతసేపూ ఇక్కడ ఖర్చులు, స్తంభాలు, బరువులు చెప్పుకున్నాం, ఆ మనుషుల మాట ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. నాకు అది నచ్చలేదు.

గుంటూరు_ఘాటు
మీరు చెప్పింది న్యాయం. తొందరపడ్డాను.

లెక్కల_పుస్తకం
తప్పు నాది. ఆ వాక్యం మొదట రాయవలసింది నేను. గ్లాస్గో నగరపాలక సంస్థ కూడా ఈ మాట అధికారికంగా ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. ఆ ఏడాది నగరానికి బానిసల వ్యాపారంతో, బానిస శ్రమతో ఉన్న సంబంధాల మీద ఒక చరిత్రకారుడి చేత చేయించిన సవివరమైన నివేదిక వెలువడింది, దాని మీద నగరం తరఫున క్షమాపణ చెప్పారు. బుకానన్, గ్లాస్‌ఫర్డ్, ఇంగ్రామ్ అని ఈ ఊరి నడిబొడ్డున ఉన్న వీధుల పేర్లన్నీ పొగాకు వర్తకులవే. వర్జీనియా స్ట్రీట్, జమైకా స్ట్రీట్ అని సరుకు వచ్చిన చోట్ల పేర్లూ ఉన్నాయి.

పడమటి_గాలి
కనింగ్‌హామ్ గురించి ఇక్కడ తరచూ వినిపించే కథ ఒకటి ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలవగానే పౌండు బరువుకు 3 పెన్నీలున్న పొగాకు 6 పెన్నీలకు పెరిగిందట. భాగస్వాములందరూ మంచి లాభమని అమ్మేద్దామన్నారట. సరేనని, ఆ మొత్తం నిల్వను 6 పెన్నీల చొప్పున కనింగ్‌హామే సొంతంగా కొని పెట్టుకుని, సరుకు రావడం ఆగిపోయాక 3 షిల్లింగుల 6 పెన్నీల దాకా అమ్మాడట. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి ఏడు రెట్లు. ఆ డబ్బుతోనే ఈ మేడ లేచిందంటారు.

లెక్కల_పుస్తకం
ఆ కథను పట్టణంలో చెప్పుకునే కథగానే తీసుకోవడం మంచిది. అంకెలు మరీ గుండ్రంగా ఉన్నాయి. యుద్ధానికి ముందు నిల్వలు పోగుచేసినవారు బాగా గడించారన్నది మాత్రం నిజం. వ్యాపారం కుప్పకూలి అందరూ దివాలా తీశారన్న మాట కూడా సరికాదు. చాలామంది పాత నిల్వలు మంచి ధరకు అమ్ముకుని, కరేబియన్ పంచదార వైపూ పత్తి వైపూ మళ్లారు. ఇంటి తేదీ చూడండి: 1778. యుద్ధం నడుస్తుండగా, అమెరికా నుంచి ఆకు రావడం ఆగిపోయి ఉండగా ఈ ఇల్లు లేచింది. అదే కాలంలో ఆయన ఎయిర్‌షైర్‌లో లెయిన్‌షా అనే పెద్ద భూవసతి కూడా కొన్నాడు. ఈ రెండు కొనుగోళ్లే ఆయన చేతిలో ఎంత డబ్బు ఆడిందో చెబుతాయి, పెన్నీల కథ అవసరం లేదు.

మండువా_లోగిలి
అలాంటప్పుడు ఆ భవనం ముందు నిలబడి "ఎంత అందంగా ఉంది" అనడం నాకు సాధ్యం కాదు. ఆ రాయి ప్రతి వరుసలోనూ ఎవరి చెమటో ఉంది.

రాతిపని
మండువా_లోగిలి గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఒక్క విషయంలో విభేదిస్తాను. ఆ ఇంటిని చెక్కి నిలిపినవారు కూడా ఎవరో పేరు లేని స్కాటిష్ రాతిపనివారే. ముఖమండపం స్తంభాల తలల మీద అకాంథస్ ఆకులు చూడండి, ఆకు ముందుకు వంగి కిందికి తిరిగే చోట రాయిని ఎంత పలుచగా తీశారో గమనించండి. ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఉలి దెబ్బ అర అంగుళం తప్పితే ఆకు మొత్తం ఊడిపోతుంది. రెండు వందల ఏళ్ల వాన, గాలి, వంద ఏళ్ల బొగ్గు మసి తరువాత కూడా ఆ వంపు నిలిచిందంటే ఆ చేతికి దండం పెట్టాలి. భవనాన్ని మెచ్చుకుంటే డబ్బు పెట్టినవాడిని మెచ్చుకున్నట్టు కాదు.

మండువా_లోగిలి
పనివాడికి దండం పెడతాను, అందులో సందేహం లేదు. కానీ మార్గదర్శి పావుగంటలో ఒక్క నిమిషమైనా ఆ చరిత్రకు ఇచ్చి ఉండాలి. లేకపోతే మనం మెచ్చుకునేది సగం భవనాన్నే.

రాతిపని
దానితో పూర్తిగా ఏకీభవిస్తాను.

కోఠి_మెట్లు
హైదరాబాద్‌లో కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివాను. మా కాలేజీ పాత బ్రిటిష్ రెసిడెన్సీ. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. పరీక్షల ముందు ఆ మెట్ల మీదే కూర్చుని చదువుకునేవాళ్లం. మొదటిసారి గ్లాస్గో వచ్చి ఈ భవనం చూసినప్పుడు మా కాలేజీ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

రాతిపని
నేరుగా సంబంధం లేదు, కాలమూ అభిరుచీ ఒకటే. కోఠి రెసిడెన్సీ 1803 ప్రాంతంలో మొదలైంది, మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దానికి రూపకర్త. ఆ తరంలో అధికారం, సంపద ఉన్నవారందరూ గ్రీకు, రోమన్ రూపాలే కోరుకున్నారు. పెద్ద తేడా సామగ్రిలో ఉంది. కోఠి స్తంభాలు ఇటుకతో పేర్చి, మీద సున్నపు గచ్చు మెత్తి పాలరాయిలా నునుపు చేసినవి. గ్లాస్గోవి అచ్చంగా ఇసుకరాయి. మీ కాలేజీ స్తంభం మీద పెచ్చు ఊడితే లోపల ఇటుక కనిపించేది కదా?

కోఠి_మెట్లు
అవును, నేను చదివే రోజుల్లో కొన్ని చోట్ల కనిపించేది. మేము దాన్ని చూసి "రాయి కాదే, మోసం" అనుకునేవాళ్లం. ఇప్పుడు తెలిసింది, ఆ గచ్చు పనే అసలు విద్య అని.

వానలో_గొడుగు
ఎక్స్ఛేంజ్ అంటే అందులో ఏం జరిగేది? షేర్లు అమ్మేవారా?

లెక్కల_పుస్తకం
మొదట్లో ముఖ్యంగా వార్త కోసం. ఫోను, తంతి లేని రోజుల్లో ఏ నౌక ఎప్పుడు చేరింది, ఏ రేవులో ధర ఎంత, ఏ కంపెనీ చిక్కుల్లో ఉంది అన్నది ముందు తెలిసినవాడే గెలిచేవాడు. వెనుక హాలులో పత్రికలు, నౌకల జాబితాలు ఉండేవి, చందా కట్టిన వర్తకులు వచ్చి చదువుకుని అక్కడికక్కడే బేరాలు కుదుర్చుకునేవారు. పంచదార, పత్తి, ఆ తరువాత ఇనుము, బొగ్గు, నౌకలు, ఊరి సంపద ఎటు తిరిగితే బేరం అటు తిరిగింది. మన పొగాకు వేలం ప్లాట్‌ఫాం దగ్గర గేటు బయట టీకొట్టు ఉంటుందే, ఆ రోజు ధర ఎంత పలుకుతుందో లోపలి కంటే ముందు అక్కడ తెలుస్తుంది. ఈ హాలు చేసిన పని అదే, పైన కప్పు మాత్రం చాలా గొప్పది.

రాతిపని
ఆ కప్పు గురించి చెప్పక తప్పదు. హాలు సుమారు 130 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. మధ్య భాగం మీద పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టు కమాను కప్పు, దాని లోపలంతా చతురస్రపు గళ్లు. రెండు వైపులా కొరింథియన్ స్తంభాల వరుసలు. ఇప్పుడు అందులో సమకాలీన చిత్రాలు, శిల్పాలు ప్రదర్శిస్తారు. ప్రవేశం ఉచితం. అందరూ గోడల వైపు చూస్తారు, మీరు ఒక్కసారి హాలు మధ్యలో ఆగి తల పైకెత్తండి.

పడమటి_గాలి
నేను మొదటిసారి వెళ్లినప్పుడు దీన్నే సిటీ ఛాంబర్స్ అనుకుని నగరపాలక సంస్థ కార్యాలయం ఎక్కడని లోపల అడిగాను. అది జార్జ్ స్క్వేర్‌లో ఉంది, 1888లో విక్టోరియా రాణి ప్రారంభించింది. స్తంభాలున్న ప్రతి భవనాన్నీ ప్రభుత్వ కార్యాలయమే అనుకోవడం మనకు అలవాటైపోయింది.

నేలమాళిగ_పాఠకురాలు
మధ్యలో ఒక అధ్యాయం ఎవరూ చెప్పలేదు. 1949లో నగరపాలక సంస్థ ఈ భవనాన్ని కొన్నది. 1954 నుంచి నాలుగు దశాబ్దాలు ఇది గ్రంథాలయం. 1791లో వాల్టర్ స్టర్లింగ్ అనే వర్తకుడు విడిచివెళ్లిన పుస్తకాలతో, సొమ్ముతో పుట్టిన స్టర్లింగ్ గ్రంథాలయం మిల్లర్ స్ట్రీట్ నుంచి ఇక్కడికి మారింది. 1996లో రాణి చేతుల మీదుగా ఆధునిక కళా ప్రదర్శనశాల అయింది. నేలమాళిగలో ఇప్పటికీ గ్రంథాలయం ఉంది.

పరిశోధన చేస్తున్న రోజుల్లో నా గదిలో హీటరు పనిచేసేది కాదు. ఇంటి యజమానికి ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం లేకపోయింది. ఆ చలికాలం రెండు నెలలు పగలంతా ఆ నేలమాళిగలోనే కూర్చుని నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం పూర్తి చేశాను. ఎదుటి బల్ల దగ్గర రోజూ ఒక పెద్దాయన తడిసిన కోటు కుర్చీకి ఆరవేసి పత్రిక చదివేవారు. ఎవరూ ఎవరినీ ఎందుకు వచ్చావని అడగరు. చందా కట్టిన వర్తకులు మాత్రమే పత్రిక చదువుకోగలిగిన చోట ఇప్పుడు ఎవరైనా వచ్చి ఉచితంగా చదువుకోవచ్చు. నాకు ఆ భవనం మీద ప్రేమ అక్కడి నుంచే మొదలైంది.

మండువా_లోగిలి
ఇది చదివాక నా మనసు కొంత మెత్తబడింది.

క్లైడ్_తీరం
ఇవన్నీ నాన్నగారికి రోజూ రాత్రి ఫోనులో చదివి వినిపిస్తున్నాను. ఆయనకు మరో రెండు సందేహాలు. ముఖఫలకం మీద అద్దం ముక్కలు మెరుస్తున్నాయి, అవి పాతవేనా? ఆ విగ్రహం ఎవరిది, భవనంతో దానికేం పని?

రాతిపని
అద్దాల పని 1996 నాటిది. ప్రదర్శనశాల తెరిచినప్పుడు నికీ ద సాఁ ఫాల్ అనే కళాకారిణి రూపొందించింది. ఈ ఊళ్లో కొందరికి అది ఇప్పటికీ కంటికి నలుసే. నాకు మాత్రం ఇష్టం, మబ్బు పట్టిన రోజున ఆ వీధిలో వెలుగు కనిపించే చోటు అదొక్కటే.

పడమటి_గాలి
విగ్రహం నెపోలియన్‌ను ఓడించిన సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌ది. 1844లో చందాలు వేసుకుని పెట్టించారు, కార్లో మారొకెట్టి పోతపోసిన కంచు. కనీసం 1980ల నుంచి రాత్రిపూట ఎవరో ఒకరు ఎక్కి తల మీద కోను పెట్టడం, అధికారులు తీయడం, మళ్లీ పెట్టడం.

గుంటూరు_ఘాటు
నాకు అది నచ్చదు. ఎవరి విగ్రహమైనా విగ్రహమే. ఎక్కేవారి వల్ల కత్తి సగం విరిగిందనీ, ఒక కాలి ముల్లు ఊడిందనీ చదివాను. చేసినవాడి పనికైనా గౌరవం ఇవ్వాలి కదా.

పడమటి_గాలి
నష్టం జరిగిన మాట నిజమే. అందుకే 2013లో పీఠాన్ని ఎత్తు చేయాలని నగరపాలక సంస్థ ఒక ప్రతిపాదన తెచ్చింది, 65,000 పౌండ్ల ఖర్చుతో. వార్త బయటికి రాగానే ఒక్క రోజులో 10,000 మందికి పైగా వద్దని సంతకాలు చేశారు, ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. గ్లాస్గోవారికి అది అవమానం కాదు, ఎంతటివాడైనా మాలో ఒకడే అనే మాట. 2023 వేసవిలో గోడబొమ్మల కళాకారుడు బ్యాంక్సీ తన ప్రదర్శనకు ఈ భవనాన్నే ఎంచుకున్నాడు, కారణం ఈ కోనేనని చెప్పాడు.

సిపాయి_మనవడు
కోను దగ్గరే అందరి చూపూ ఆగిపోవడం వల్ల మనవాళ్లకు సంబంధించిన భాగం మరుగున పడుతోంది. తలవైపు కాదు, కిందికి పీఠం వైపు చూడండి. పక్కన కంచు ఫలకాలు ఉన్నాయి. ఒకదాని మీద వాటర్లూ యుద్ధం. మరొకదాని మీద అస్సాయే.

అస్సాయే ఇప్పటి మహారాష్ట్రలో, జాల్నా జిల్లాలో ఒక చిన్న పల్లె. వెల్లింగ్టన్ అప్పటికి ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లినప్పుడు నిజాం పంపిన సైన్యం ఆయన ఆధీనంలోనే నడిచింది. 1803 సెప్టెంబర్ 23న అస్సాయే దగ్గర మరాఠా పాలకులైన సింధియా, భోంస్లే సేనలతో తలపడ్డాడు. ఆయన వైపు చనిపోయినవారు, గాయపడినవారు 1,500 పైమాటే. అందులో స్కాటిష్ హైలాండర్ల దళాలు రెండు, 74వది, 78వది. 74వ దళంలో దాదాపు అధికారులందరూ చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ దళమే తరువాత కలిసిపోయి గ్లాస్గో నగరం తనదిగా చెప్పుకున్న హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ అయింది. ఈ ఊళ్లో ఆ యుద్ధాన్ని కంచులో పోయడానికి అదొక కారణమై ఉండాలి.

అయితే ఆ రోజు ఆయన సైన్యంలో ఎక్కువమంది స్కాట్లండ్ వాళ్లు కాదు, మద్రాసు పదాతి దళాల సిపాయిలు. మద్రాసు సైన్యంలో తెలుగువారు చాలామంది ఉండేవారు, ఉత్తరాదిన సిపాయిని "తిలంగా" అనే పిలిచేంతగా. మద్రాసు రెజిమెంటు టోపీ బిళ్ల మీద ఈనాటికీ ఉన్న ఏనుగు అస్సాయే గుర్తు. మా తాతగారు ఆ రెజిమెంటులో పనిచేశారు. ఆ బిళ్ల మా ఇంట్లో దేవుడి గూటిలో, కుంకుమ భరిణె పక్కన ఉండేది. చిన్నప్పుడు అది వినాయకుడనుకుని దండం పెట్టేవాడిని. ఏళ్ల తరువాత గ్లాస్గోలో ఆ పీఠం మీద ఆ పల్లె పేరు చదివినప్పుడు మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

గుంటూరు_ఘాటు
నేను ఆ వీధిలో ఎన్నోసార్లు నడిచాను. ఒక్కసారీ పీఠం చూడలేదు.

మండువా_లోగిలి
వర్జీనియా మధ్యలో ఉంది, అస్సాయే గుమ్మంలో ఉంది. కట్టినవారికి ఈ రెండూ గొప్పగానే తోచి ఉంటాయి.

కోఠి_మెట్లు
సిపాయి_మనవడు గారూ, ఆ బిళ్ల ఇప్పటికీ ఉందా?

సిపాయి_మనవడు
ఉందండీ. అమ్మ దగ్గర, అదే గూటిలో.

క్లైడ్_తీరం
నిన్న శనివారం మళ్లీ వెళ్లాను, నాన్నగారిని వీడియో కాల్‌లో పెట్టుకుని. రాతిపని గారు చెప్పినట్టు ఎదురుగా కాకుండా పక్క నుంచి మొదలుపెట్టాను. వాన పడుతోంది, ఫోను మీద గొడుగు పట్టుకుని నడిచాను. "ఇక్కడిదాకా మండపం, ఇక్కడి నుంచి ఇల్లు" అని చూపిస్తుంటే ఆయన ఆపమని, గోడ దగ్గరికి ఫోను పెట్టమన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆకు విరిచేటప్పుడు చేతులకు జిగురు నల్లగా పట్టేస్తుంది, సబ్బుతో పోదు, అన్నం చేదుగా ఉంటుంది. వాళ్లకూ అంతే అయ్యుంటుంది" అన్నారు. మండువా_లోగిలి గారి మాటలు ముందే చదివి వినిపించాను, వాటిని గురించే అన్నారని అర్థమైంది.

లోపల హాలులో తల పైకెత్తి కప్పు చూపించాను. మా బ్యారన్ లోపల కర్రలు అంచెలంచెలుగా వేలాడదీసినప్పుడు కింద నిలబడి చూస్తే గళ్లు గళ్లుగా అలాగే ఉంటుందన్నారు. అమ్మ పక్క నుంచి "ఎంత శుభ్రంగా ఉంచారో" అంది. పీఠం మీద అస్సాయే ఫలకం కూడా చూపించాను. వాన నీళ్లు దాని మీదుగా కారుతున్నాయి.

ఆయన అడగమన్నది ఇంకొకటి: ఆ రోజుల్లో వర్జీనియాలో కూడా ఇలా బ్యారన్‌లో మంట పెట్టి గొట్టాల వేడితోనే ఆకు పండించేవారా?

లెక్కల_పుస్తకం
లేదని చెప్పండి. కనింగ్‌హామ్ కాలంలో ఆకును కొట్టంలో వేలాడదీసి ఎక్కువగా గాలికే ఆరబెట్టేవారు. గొట్టాల వేడితో పసుపు రంగు తెప్పించే పద్ధతి 19వ శతాబ్దంలో అమెరికాలో వచ్చింది. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో పాతుకున్నది ఆ కొత్త పద్ధతి. మీ నాన్నగారు మేలుకున్న రాత్రులు కనింగ్‌హామ్ ఎరుగని పని.

రాతిపని
క్లైడ్_తీరం గారూ, అక్కడి నుంచి రెండు నిమిషాలు నడిస్తే మిల్లర్ స్ట్రీట్‌లో 42వ నంబరు ఇల్లు ఉంది. 1775 నాటిది, జాన్ క్రెయిగ్ కట్టింది, పొగాకు వర్తకుడి ఇల్లు అనే పేరు. చిన్నది, మండపాలేవీ తగిలించకుండా మిగిలింది. కనింగ్‌హామ్ ఇంటికి ముందూ వెనుకా ఏమీ చేర్చకపోతే ఆ తరం ఇళ్లు ఎలా ఉండేవో అక్కడ తెలుస్తుంది. అది చూశాక మళ్లీ క్వీన్ స్ట్రీట్‌కు వస్తే 10,000 పౌండ్లంటే ఏమిటో కంటికి అర్థమవుతుంది.

క్లైడ్_తీరం
వచ్చే శనివారం అక్కడికే. నాన్నగారు ఇక్కడి ఉదయం పదింటికి సిద్ధంగా ఉంటానన్నారు, అంటే ఒంగోలులో మధ్యాహ్నం రెండున్నర. భోజనం ముందే చేసి కూర్చుంటారట.

వానలో_గొడుగు
నేనూ వస్తాను. గొడుగు నేను పడతాను, ఫోను మీరు పట్టుకోండి.